నెల సీటు వద్దు, పది రోజుల ప్యాక్ చాలు: బేగంపేటలో ఒక కో-వర్కింగ్ ఆఫీసు

బేగంపేట మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక కమర్షియల్ కాంప్లెక్స్ మూడో అంతస్తులో ఉన్న కో-వర్కింగ్ ఆఫీసును, అంటే వేర్వేరు పనులవాళ్లు సీటు అద్దెకు తీసుకుని కలిసి కూర్చునే చోటును, ఏడాదికి పైగా వాడుతున్నాను. ఒక్కరే ప్రాక్టీసు చేసుకునేవాళ్లకు, ముఖ్యంగా అకౌంట్స్, ట్యాక్స్ పని మీద బతికేవాళ్లకు ఇది మంచి చోటు. ఒక్కటే షరతు. నెలవారీ సీటు జోలికి వెళ్లకండి. రోజుల ప్యాక్ తీసుకోండి, ఏ రోజు ఏ పని కోసం వెళ్తున్నారో ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరండి. అలా వాడితే పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం కనిపిస్తుంది. ఊరికే వెళ్లి కూర్చుంటే మాత్రం అది ఏసీ, కాఫీ ఉన్న ఖరీదైన కుర్చీ, అంతే.

ఆ ఆఫీసు పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే మంచీ చెడూ చాలావరకు హైదరాబాద్‌లో ఈ తరహా ఆఫీసులన్నిటికీ సరిపోతాయి. మీ ఇంటికి దగ్గర్లో ఉన్నదాన్ని కూడా ఇవే ప్రశ్నలతో చూసుకోవచ్చు.

నేను జీఎస్టీ ప్రాక్టీషనర్‌ని, అంటే వ్యాపారుల తరఫున జీఎస్టీ రిటర్న్‌లు వేసేదాన్ని. ఇల్లు తార్నాకలో. క్లయింట్లలో ఎక్కువమంది రాణిగంజ్‌లో మోటార్లు, పంపులు, బేరింగులు అమ్మేవాళ్లు. జనరల్ బజార్‌లో బట్టల కొట్లు కొన్ని, సాఫ్ట్‌వేర్ పని బయటి దేశాలకు చేసి పంపే చిన్న సంస్థలు రెండు మూడు. చాలాకాలం ఇంట్లో డైనింగ్ టేబులే నా ఆఫీసు. పని ఆగలేదు గానీ క్లయింటు ఇంటికి వస్తే మాత్రం ఇబ్బందిగా ఉండేది. హాల్లో టీవీ కట్టేయాలి, మామయ్యగారు లోపలి గదిలోకి వెళ్లాలి, పక్కనే కుక్కర్ విజిల్ వేస్తుండగా ఆ పెద్దమనిషికి ఆయన వ్యాపారం లెక్కలు చెప్పాలి. వచ్చినవాళ్లకూ మొహమాటమే. అందుకే బేగంపేట వెతుక్కున్నాను. తార్నాక నుంచి రైలు మారకుండా బ్లూ లైన్‌లో నేరుగా వెళ్లొచ్చు, రాణిగంజ్ నుంచి వచ్చేవాళ్లకు ఆటోలో దగ్గర. మాదాపూర్, కొండాపూర్‌లలో ఇంతకంటే మెరుగైన హంగులున్న ఆఫీసులు చాలా ఉన్నాయి. నా క్లయింట్లు అక్కడికి రారు. చోటు ఎంచుకునేటప్పుడు మీ ఇంటితో పాటు మీ దగ్గరికి వచ్చేవాళ్ల దారి కూడా చూసుకోవాలి.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇక్కడ ఒక రోజు పాస్ 450 రూపాయలు, జీఎస్టీతో కలిపి 531. పది రోజుల ప్యాక్ 3,800, జీఎస్టీతో 4,484. ఫిక్స్‌డ్ డెస్క్, అంటే మీ కుర్చీ మీదే అన్నమాట, నెలకు 7,500, జీఎస్టీతో 8,850. దానికి తోడు రెండు నెలల డిపాజిట్. ప్యాక్‌లో రోజుకు 380 పడుతుంది కాబట్టి నెలకు ఇరవై రోజులు వెళ్తే తప్ప ఫిక్స్‌డ్ డెస్క్ గిట్టుబాటు కాదు. నెలకు ఇరవై రోజులు, ఆదివారాలు తీసేస్తే దాదాపు రోజూ. మొదటి నెల ఉత్సాహంలో ఎవరైనా రోజూ వస్తారు. మూడో నెలకు వర్షం, బంధువులు, పిల్లల పరీక్షలు ఏదో ఒకటి అడ్డం వస్తుంది. నా చుట్టూ డెస్కులు తీసుకున్నవాళ్లలో వారానికి మూడు రోజులు మించి కనిపించనివాళ్లు చాలామంది.

నా పనికి ఒక పంచాంగం ఉంది. 7వ తేదీకి టీడీఎస్, అంటే చెల్లింపుల్లోంచి ముందే పట్టుకున్న పన్ను, కట్టాలి. 11కి జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల బిల్లులు చూపించే రిటర్న్. మూడు నెలలకోసారి రిటర్న్ వేసే చిన్న వ్యాపారులు నెలనెలా బిల్లులు చూపించాలనుకుంటే 13. 14న జీఎస్టీఆర్-2బి వస్తుంది, అంటే మనకు సరుకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల పట్టిక. 20కి జీఎస్టీఆర్-3బి, అంటే లెక్క తేల్చి పన్ను కట్టే రిటర్న్; త్రైమాసికం వాళ్లకు తెలంగాణలో 22. నెల మొదటి వారమంతా కొట్ల చుట్టూ తిరిగి బిల్లులు పోగుచేయడమే సరిపోతుంది. ఆ రోజుల్లో సీటు ఉన్నా కూర్చోను. అందుకని నేను ఆఫీసుకు వెళ్లేది రెండు విడతలు: 11కి ముందు రెండు మూడు రోజులు, 14 తర్వాత 20 దాకా అవసరమైనన్ని రోజులు. మిగతా నెలంతా ఇల్లే. ప్యాక్ గడువు అరవై రోజులు కాబట్టి ఒక నెల మిగిలినవి మరుసటి నెలకు పనికొస్తాయి. కొన్ని చోట్ల గడువు ముప్పై రోజులే, అదేమిటో డబ్బు కట్టకముందే అడగండి. మీది జీఎస్టీ పని కాకపోవచ్చు. కానీ ఏ వృత్తికైనా ఇలాంటి ఎగుడుదిగుళ్లు ఉంటాయి. డిజైనర్‌కు డెలివరీ వారం, ట్యూటర్‌కు పరీక్షల ముందు నెల, రచయితకు గడువు ముంచుకొచ్చిన పది రోజులు. మీ గత మూడు నెలల క్యాలెండర్ ముందు పెట్టుకుని, ఇంట్లో పని సాగని రోజులేవో గీత గీయండి. ఆ రోజులకే డబ్బు పెట్టండి.

ఇదేమీ నేను కనిపెట్టిన పద్ధతి కాదు. కో-వర్కింగ్ అనే పేరుతో ఈ ఏర్పాటును 2005 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టిన బ్రాడ్ న్యూబర్గ్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు దాన్ని వారానికి రెండు రోజులే తెరిచాడు. కొద్దిపాటి బల్లలు, అందరూ కలిసి తినే మధ్యాహ్న భోజనం, సాయంత్రం 5:45కి కచ్చితంగా మూసేయడం. మొదటి నెల ఎవరూ రాలేదని ఆయనే చెప్పుకున్నాడు. ఆ మూసే వేళ నాకు బాగా నచ్చింది. ఇంట్లో ఉంటే రాత్రి పదకొండుకి కూడా ఎక్సెల్ తెరిచి కూర్చుంటాను. బేగంపేటలో ఏడున్నరకు సంచి సర్దుకుంటే ఆ రోజుకు పని అయిపోయినట్టే. రైలెక్కాక మళ్లీ లాప్‌టాప్ తీయను. ఈ ఒక్క లాభానికే నేను డబ్బు కట్టగలను.

కూర్చునే చోటు విషయంలో మొహమాటపడొద్దు. ఉదయం తొమ్మిదిన్నరలోపు వెళ్తే కావలసిన కుర్చీ దొరుకుతుంది, పదిన్నర దాటితే మిగిలిందే గతి. నేను ఎప్పుడూ వీపు గోడకు ఆనేలా కూర్చుంటాను. నా స్క్రీన్ మీద ఉండేది ఇంకొకరి అమ్మకాలు, ఇంకొకరి లాభనష్టాలు. కాఫీ కప్పుతో వెనక నుంచి నడిచివెళ్లేవాళ్లకు అవి కనిపించకూడదు. పక్క నుంచి చూస్తే నల్లగా కనిపించే ప్రైవసీ ఫిల్మ్ లాప్‌టాప్‌కు అతికించుకున్నాను, నాలాంటి పని చేసేవాళ్లకు అది తప్పనిసరి. ఏసీ గాలి నేరుగా తల మీద పడే కుర్చీలు ఇక్కడ నాలుగైదు ఉన్నాయి, మధ్యాహ్నానికి మెడ పట్టేస్తుంది. ప్యాంట్రీ తలుపు పక్కన కూర్చుంటే మైక్రోవేవ్ చప్పుడు, కబుర్లు. కిటికీ పక్కన వెలుగు బాగుంటుంది గానీ సాయంత్రం నాలుగు తర్వాత పడమటి ఎండ స్క్రీన్ మీద పడుతుంది. కుర్చీలు మంచివి, ఎత్తు సర్దుకుంటాయి. బల్లలు మాత్రం నాలాంటి పొట్టివాళ్లకు కొంచెం ఎత్తు. కాళ్ల కింద పెట్టుకునే పీట అడిగితే ఫ్రంట్ డెస్క్ అమ్మాయి స్టోర్ రూమ్‌లోంచి తెచ్చి ఇచ్చింది. అది ఉన్నట్టు ఎక్కడా రాసిపెట్టలేదు. అలా అడిగితే వచ్చేవి ఇంకా ఉన్నాయి: అదనపు మానిటర్, లాన్ కేబుల్, పొడవాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు, మడత స్టాండు.

లాన్ కేబుల్, అంటే వైఫై లేకుండా నేరుగా వైరుతో నెట్ ఇచ్చేది, దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇలాంటి చోట్ల వైఫై స్పీడ్ ఎంతో గోడ మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. అది అందరూ పంచుకునే స్పీడ్. ఉదయం పదింటికి ఎగిరిపడే వైఫై, పన్నెండుకి యాభైమంది వీడియో కాల్స్‌లో ఉన్నప్పుడు నీరసపడుతుంది. బల్ల కింద లాన్ పోర్టు ఉందేమో చూడండి, ఉంటే కేబుల్ అడిగి పెట్టుకోండి. పోర్టు లేకపోతే వైఫై పెట్టె ఎక్కడుందో చూసి, దానికి దగ్గరగా కూర్చుని 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ ఎంచుకోండి. దూరంగా, గోడ అవతల కూర్చుంటే 2.4 నయం, నెమ్మదిగానైనా తెగకుండా ఉంటుంది. డౌన్‌లోడ్‌తో పాటు అప్‌లోడ్ స్పీడ్ కూడా కొలవండి. మన మాట, మన వీడియో అవతలివాళ్లకు చేరేది అప్‌లోడ్ మీదే. ఇంకో మాట, జీఎస్టీ పని చేసేవాళ్లకు ప్రత్యేకం: 11, 20 తేదీల సాయంత్రం పోర్టల్ గిరగిరా తిరుగుతుంటే అది ఈ ఆఫీసు నెట్ తప్పు కాదు. ఆ రోజుల్లో అందరూ ఒకేసారి మీద పడతారు. 18, 19 తేదీల్లో ఉదయం కూర్చుంటే పది నిమిషాల్లో అయిపోయే రిటర్న్, 20 రాత్రి గంట తింటుంది.

కరెంటు పోతే జనరేటర్ అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. లాప్‌టాప్‌కు ఏమీ కాదు. కానీ ఆ కొన్ని సెకన్లలో వైఫై పెట్టెలు ఆరిపోయి మళ్లీ లేవడానికి రెండు మూడు నిమిషాలు పట్టే చోట్లు ఉన్నాయి. వాటికి యూపీఎస్ ఉందా అన్నది సరైన ప్రశ్న. ఇక్కడ ఉంది. మే నెలలో గాలివాన వచ్చిన సాయంత్రం లైట్లు ఆరి వెలిగాయి, నా 3బి మాత్రం మధ్యలో ఆగలేదు.

గోప్యత విషయం మీద ఈ ఆఫీసులు పెద్దగా మాట్లాడవు. అది మనమే చూసుకోవాలి. సొంత వ్యాపారం చేసేవాళ్ల రిటర్న్‌కు సంతకం బదులు ఓటీపీ సరిపోతుంది. ఆ ఓటీపీ క్లయింటు ఫోనుకు వస్తుంది. ఆయన కొట్లో బేరాల మధ్య ఉంటారు, వినపడదు, గట్టిగా చెబుతారు, మనం అంతకంటే గట్టిగా తిరిగి చదువుతాం. హాల్లో ఉన్న ముప్పైమందికీ ఆ అంకెలు, ఆ సేటు పేరు తెలిసిపోతాయి. నేను ఓటీపీని ఎప్పుడూ పైకి చదవను. ఫోన్ బూత్‌లోకి లాప్‌టాప్‌తో వెళ్తాను, ఆయన చెబుతుంటే నేరుగా కొట్టేస్తాను, "సరేనండీ" అని మాత్రం అంటాను. కంపెనీలకు, ఎల్‌ఎల్‌పీలకు (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థలకు) డిజిటల్ సిగ్నేచర్ తప్పనిసరి, అది పెన్‌డ్రైవ్ లాంటి డాంగిల్‌లో ఉంటుంది. దాన్ని లాప్‌టాప్‌కు వదిలేసి టీకి వెళ్లడమంటే ఇంకొకరి సంతకాన్ని బల్ల మీద పెట్టి వెళ్లడమే. సంతకం పడగానే తీసి పర్సులో వేసుకోవడం అలవాటు చేసుకోండి. లాప్‌టాప్ తెర కూడా లేచిన ప్రతిసారీ లాక్ చేయాలి.

ప్రింటర్ దగ్గర ఇంకా జాగ్రత్త. ప్యాక్‌తో పాటు యాభై పేజీలు ఉచితం. ప్రింట్ ఇచ్చి మనం నడిచి వెళ్లేలోపు ఆ కాగితాలు ట్రేలో పడి ఉంటాయి. ఒకసారి ఎవరిదో బ్యాంకు స్టేట్‌మెంట్ అక్కడ సాయంత్రం దాకా పడి ఉండటం చూశాను. తీసి ఫ్రంట్ డెస్క్‌లో ఇచ్చాను. ప్రింటర్ దగ్గరికి వెళ్లి కోడ్ నొక్కితేనే కాగితం వచ్చేలా ఒక సెట్టింగ్ ఉంటుంది, ఆఫీసు వ్యవహారాలు చూసే కమ్యూనిటీ మేనేజర్‌ని అడిగితే పెట్టి ఇచ్చారు. ఇప్పుడు చాలామంది అదే వాడుతున్నారు.

ఇక మీటింగ్ రూమ్. నా దృష్టిలో ఇక్కడ డబ్బు పెట్టదగ్గ అసలైన సదుపాయం ఇదే. నలుగురు పట్టే గది గంటకు 350 రూపాయలు, ప్యాక్ ఉన్నవాళ్లకు రెండు గంటలు ఉచితం. గోడకు టీవీ. రాణిగంజ్‌లో బేరింగుల కొట్టు నడిపే పెద్దాయన ఒకరున్నారు, నలభై ఏళ్ల వ్యాపారం. సరఫరాదారు తన రిటర్న్‌లో బిల్లు చూపించకపోతే మనకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు ఇచ్చిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు) ఆగిపోతుందన్న విషయం ఆయనకు ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా మింగుడుపడలేదు. ఒక రోజు గది తీసుకుని పిలిచాను. టీవీలో ఒక పక్క ఆయన కొనుగోలు రిజిస్టర్, ఇంకో పక్క 2బి పెట్టాను. రెండింటిలో కలవని బిల్లులకు ఎర్ర రంగు వేశాను.

"అమ్మా, ఈ బిల్లు డబ్బులు నేను ఎప్పుడో ఇచ్చేశాను కదా!"

"ఇచ్చారండీ. మీ నుంచి ట్యాక్స్ కూడా వసూలు చేశారు. కానీ ఆయన తన జీఎస్టీఆర్-1లో ఈ బిల్లు చూపించలేదు. చూపించేదాకా మీకు క్రెడిట్ రాదు."

ఆయన కాసేపు ఆ ఎర్ర వరసల వైపే చూశారు. తర్వాత ఫోన్ తీసి ఆ సరఫరాదారుకు అక్కడి నుంచే చేశారు. గదిలో కూర్చుని ఒక్కొక్కరికీ వరసగా చేశారు. ఆ నెల నుంచి ప్రతి నెలా 15న నా కంటే ముందే ఆయనే అడుగుతారు, "ఎర్రవి ఎన్ని?" అని. తలుపు వేసిన గది, పెద్ద తెర, మధ్యలో గిరాకీ వచ్చి లేపని ఒక గంట. ఈ మూడూ ఆయన కొట్లో ఎన్నటికీ దొరకవు, మా ఇంట్లోనూ దొరకవు. మీ పనిలో కూడా ఎదుటివాళ్లకు ఏదైనా చూపించి ఒప్పించాల్సి వస్తే గదికి డబ్బు పెట్టండి. వట్టి మాటలకైతే కాఫీ బల్ల చాలు.

గది పుచ్చుకోవడంలో ఒక కిటుకు ఉంది. పదకొండు నుంచి ఒంటిగంట దాకా గదులన్నీ బుక్ అయిపోతాయి. తొమ్మిదిన్నరకు, మధ్యాహ్నం రెండున్నరకు ఖాళీగా ఉంటాయి. వ్యాపారులకు ఉదయం కొట్టు తెరవకముందు వేళే వీలు, కాబట్టి తొమ్మిదిన్నర ఇద్దరికీ సరిపోతుంది. వచ్చేవాళ్ల పేరు ముందు రోజే ఫ్రంట్ డెస్క్‌లో ఇవ్వండి. లేకపోతే కింద సెక్యూరిటీ పెద్దవాళ్లను నిలబెట్టి ఫోన్ నంబరు, ఫొటో అంటూ ఆపేస్తారు, మన గౌరవం పోతుంది.

ఇన్వాయిస్ సంగతి నేను చెప్పకపోతే ఎవరూ చెప్పరు. ఈ సేవ మీద 18 శాతం జీఎస్టీ. మీకు రిజిస్ట్రేషన్ ఉండి, మీ పని కోసమే వాడుతుంటే ఆ పన్ను మీకు క్రెడిట్‌గా తిరిగొస్తుంది. పది రోజుల ప్యాక్ మీద 684 రూపాయలు. కానీ యాప్‌లో డబ్బు కట్టే ముందే మీ జీఎస్టీ నంబరు ఎక్కించాలి. తర్వాత మార్చమంటే నెలలు తిప్పుతారు. 14న మీ 2బిలో ఆ బిల్లు కనిపించిందో లేదో చూసుకోండి. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పథకంలో) ఉన్నవాళ్లకు, రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు ఆ 18 శాతం ఖర్చు కిందే లెక్క. ఇంకొకటి, విజయవాడ, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ సీటు తీసుకునేవాళ్ల కోసం: స్థలం వాడకానికి సంబంధించిన సేవలకు పన్ను ఆ స్థలం ఉన్న రాష్ట్రానిదే. హైదరాబాద్ ఆఫీసు మీకు తెలంగాణ రాష్ట్ర పన్ను, కేంద్ర పన్ను వేసి బిల్లు ఇస్తుంది. మీ రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే ఆ క్రెడిట్ మీకు రాదు. నంబరు ఇచ్చాం కదా అని లెక్కలో వేసుకోకండి.

వర్చువల్ ఆఫీస్ పేరుతో వీళ్లు చిరునామా మాత్రమే కూడా ఇస్తారు. దాని మీద జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు వెళ్లేవాళ్లు అగ్రిమెంటు, యజమాని అనుమతి పత్రం, తాజా కరెంటు బిల్లు ఈ మూడూ ఒకే చిరునామాతో, అక్షరం తేడా లేకుండా ఉన్నాయో చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కనిపించే చోట పెట్టాలని, పేరు బోర్డు మీద జీఎస్టీ నంబరు ఉండాలని 18వ నిబంధన చెబుతుంది. లెక్కల పుస్తకాలు ప్రధాన వ్యాపార స్థలంలో ఉండాలని చట్టంలోని 35వ సెక్షన్ చెబుతుంది. అధికారి తనిఖీకి వస్తే అక్కడ మీ పేరు చెప్పి దారి చూపించే మనిషి ఉండాలి. ఈ ఆఫీసులో రిసెప్షన్ దగ్గర చిన్న బోర్డుల వరస ఉంది, ఫ్రంట్ డెస్క్‌లో ఫైలు కూడా పెట్టుకోనిస్తారు. ఇంత చవక అని ప్రకటించే చోట్లలో కొన్ని బోర్డు పెట్టనివ్వవు. అలాంటి చిరునామాకు నేను నా క్లయింటుని పంపను.

పక్కవాళ్ల గురించి. వేరే ఊళ్లలో కో-వర్కింగ్ అంటే నెట్‌వర్కింగ్ అని ఊదరగొడతారు. నా అనుభవంలో అది భోజనం బల్ల దగ్గర జరుగుతుంది, ఒంటిగంటకూ రెండింటికీ మధ్య. హెడ్‌ఫోన్ పెట్టుకున్న మనిషిని పలకరించకూడదన్నది ఇక్కడ అందరూ పాటించే మర్యాద. డబ్బా తెరిచినప్పుడు మాత్రం ఎవరైనా మాట్లాడతారు. అమెరికా క్లయింట్లకు వెబ్‌సైట్లు చేసే కుర్రాడు ఒకసారి పక్కన కూర్చుని, "ఆంటీ, ఎక్స్‌పోర్ట్ మీద నేను జీఎస్టీ కట్టాలా?" అని అడిగాడు. ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేస్తే పన్ను కట్టకుండా బిల్లు వేయొచ్చని, అది ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుందని, ఏప్రిల్ రాగానే మళ్లీ వేసుకోవాలని చెప్పాను. అతను నా క్లయింటు అయ్యాడు. తర్వాత అతని స్నేహితులు వచ్చారు. ట్రేడ్‌మార్క్ పని చేసే లాయరమ్మ ఒకరున్నారు, నా వ్యాపారులకు బ్రాండ్ పేరు విషయం వస్తే ఆమె దగ్గరికి పంపుతాను. ఒకే వృత్తివాళ్లు నిండిన చోటు కంటే నాలుగు రకాల పనులవాళ్లు కలిసిన చోటు మేలు. సీటు చూడ్డానికి వెళ్లినప్పుడు ఇక్కడ ఎవరెవరు కూర్చుంటారని అడగండి.

టీ మెషిన్ ఫరవాలేదు. కాఫీ అంతకంటే కొంచెం నయం. మైక్రోవేవ్ రెండున్నాయి, ఫ్రిజ్‌లో డబ్బా మీద పేరు రాయకపోతే సాయంత్రం పారేస్తారు. బల్లలు తుడిచే అక్క చాలా శ్రద్ధ గల మనిషి, ఆడవాళ్ల వాష్‌రూమ్ ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది. నాకు ఇది చిన్న విషయం కాదు, కొన్ని చోట్ల ఈ ఒక్క కారణంతోనే మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేసేదాన్ని.

లోపాలూ చెప్పాలి. ఫోన్ బూత్‌లు మూడే, లోపల గాలి ఆడదు. పావుగంట దాటితే తల బరువెక్కుతుంది. రోజంతా కాల్స్‌లో ఉండేవాళ్లకు ఇది పనికిరాదు, చిన్న క్యాబిన్ తీసుకోవాలి. రాత్రి ఎనిమిదికి సెంట్రల్ ఏసీ ఆపేస్తారు, ఆదివారం మూత. గడువు తేదీ ఆదివారం పడితే మళ్లీ డైనింగ్ టేబులే. కారు పార్కింగ్ వేరే డబ్బు. ఆ మధ్య ఒక స్టార్టప్ బృందం నడి హాల్లోని బల్ల పట్టుకుని రోజంతా అరుచుకుంటూ పనిచేసింది. ఫిర్యాదు చేసిన రెండు రోజులకు వాళ్లను లోపలి గదికి మార్చారు. మార్చడం మంచిదే, మొదటి రోజే చేయాల్సింది.

డిపాజిట్ గురించి ఒక హెచ్చరిక, ఇక్కడి విషయం కాదు. ఇంతకుముందు నేను డెస్క్ తీసుకున్న ఇంకో చోట ఖాళీ చేశాక డిపాజిట్ కోసం చాలాకాలం తిరగాల్సి వచ్చింది, చివరికి మెయింటెనెన్స్ పేరుతో కొంత కోసుకుని ఇచ్చారు. లాకిన్ (మధ్యలో ఖాళీ చేయకూడని గడువు) ఎన్ని నెలలు, నోటీసు ఎన్ని రోజులు, డిపాజిట్‌లో ఏమేం కోస్తారు, ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారు, ఈ నాలుగూ కాగితం మీద ఉండాలి. ఖాళీ చేస్తున్నామని ఈమెయిల్‌లో చెప్పండి, నోటి మాట చెల్లదు. రోజుల ప్యాక్‌లో ఈ బెడద అసలు లేదు, అది ఇష్టపడటానికి నాకు ఇంకో కారణం.

టీ-హబ్‌నూ వీ-హబ్‌నూ కూడా వీటితో కలిపి అడిగేవాళ్లున్నారు. అవి వేరు. 2015లో మొదలైన టీ-హబ్, 2018లో మహిళా పారిశ్రామికవేత్తల కోసం పెట్టిన వీ-హబ్ తెలంగాణ ప్రభుత్వం స్టార్టప్‌లకు అండగా నిలబెట్టిన సంస్థలు, ప్రోగ్రాముల్లో ఎంపికైనవాళ్లకు వాటి అసలు లాభం. ఐడియా పట్టుకుని కంపెనీ పెట్టాలనుకుంటే ముందు అక్కడ కనుక్కోండి. ఇక చదువుకోవడానికే చోటు కావాలంటే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉండగా 450 పెట్టక్కర్లేదు. ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలతో నిండి ఉంటుంది, పొద్దున్నే వెళ్లాలి, ఫోన్ మాట్లాడకూడదు.

ఒక రోజు పాస్‌తో పరీక్షించాలనుకునేవాళ్లు మంగళవారమో బుధవారమో వెళ్లండి, వారంలో అప్పుడే బాగా నిండుతుంది. శనివారం వెళ్తే హాలంతా ప్రశాంతంగా కనిపించి మోసపోతారు. పన్నెండింటికి నెట్ స్పీడ్ కొలవండి, మూడింటికి ఒక వీడియో కాల్ చేయండి, బూత్ కోసం ఎంతసేపు ఆగాల్సి వచ్చిందో చూడండి. ప్యాక్ కొనేటప్పుడు ఆ మొదటి రోజు పాస్ డబ్బు ప్యాక్‌లో తగ్గించమని అడగండి. ఇక్కడ అడిగినవాళ్లకు తగ్గిస్తారు.